94 ఏళ్లు బతికిన తాత గురించి పుస్తకం: అప్పుల సంగతి, తిరుగుళ్ల సంగతి రాయాలా వద్దా?

రాణీగంజ్_మనవరాలు

మా తాత పోయిన నెల కన్నుమూశాడు. 94 ఏళ్లు. సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేయాలని ఇంట్లో అనుకున్నాం. రాసే పని నా మీద పడింది. ఇప్పుడు అందులో ఏం ఉండాలన్న దాని మీద ఇంట్లో రెండు వర్గాలు అయ్యాయి. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తాత 1931లో నల్గొండ జిల్లాలో పుట్టాడు. 1948లో రజాకార్ల భయానికి ఇంటిల్లిపాదీ రాత్రికి రాత్రి ఊరు వదిలి, నిజాం సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు నడిచి వెళ్లారు. అప్పటికి తాతకు పదిహేడేళ్లు. చెల్లెల్ని భుజం మీద ఎక్కించుకుని నడిచాడట. సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక అందరూ ఊరికి తిరిగొచ్చారు గానీ తాతకు అక్కడ మనసు నిలవలేదు. పట్నం బస్సెక్కి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక ఇంజన్ల దుకాణంలో కుర్రాడిగా చేరాడు. పదేళ్లు పనిచేసి 1961లో సొంత మల్గీ (దుకాణం గది) తీసుకున్నాడు. మొదట ఆయిల్ ఇంజన్లు, తర్వాత కరెంటు మోటార్లు, ఆ తర్వాత సబ్‌మర్సిబుల్ పంపులు. నలుగురు పిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేశాడు. ఇదంతా అందరికీ సమ్మతమే.

పేచీ మిగతా దాంతో వచ్చింది. తాతకు కాలు ఒకచోట ఆగేది కాదు. మోటార్‌సైకిల్ మీద కాశీకి వెళ్లి, అక్కడి నుంచి ఎవరికీ చెప్పకుండా నేపాల్ దాకా పోయిన మనిషి. ఇంకోటి, 1978లో ఒక స్నేహితుడికి జామీను ఉన్నాడు. ఆయన చేతులెత్తేస్తే ఆ అప్పంతా తాతే తీర్చాడు. ఉన్న ఒక్క ప్లాటూ అమ్మేశాడు. అదే ఏడాది ఒక కంపెనీ ఏజెన్సీ కూడా తీసేసుకుంది.

చిన్నాన్న మాట: "ఆయన సాధించింది రాయండి చాలు. తిరుగుళ్లు, అప్పులు నలుగురికీ ఎందుకు?" మా మేనత్త మాట: "అవి తీసేస్తే మా నాన్న ఎక్కడుంటాడు అందులో?" నేను మేనత్త వైపే ఉన్నాను. కానీ చిన్నాన్నను కష్టపెట్టి పుస్తకం వేయాలని లేదు. మీ ఇళ్లల్లో ఇలాంటివి రాసినవాళ్లు ఉంటే చెప్పండి.

మోండా_మార్కెట్

అన్నీ రాయండి. పూలదండ వేసిన ఫొటో, కింద నాలుగు పొగడ్తలు చూసి చూసి విసుగొచ్చింది.

లెక్కల_మాస్టారు

నేను ఒప్పుకోను. వ్యాపారం ఇంకా నడుస్తోందా లేదా మీరు చెప్పలేదు. నడుస్తుంటే మాత్రం మార్కెట్లో పేరు అనేది చిన్న విషయం కాదు. పైగా జామీను కథలో ఇంకో కుటుంబం ఉంది. ఆ స్నేహితుడి పిల్లలు, మనవలు ఎక్కడో ఉంటారు. మీ తాతగారి మంచితనం చెప్పడానికి వాళ్ల నాన్నను ఊరందరి ముందు నిలబెట్టే హక్కు మీకు లేదు. మీ చిన్నాన్నగారిని పాతకాలం మనిషి అని తోసెయ్యకండి.

చార్మినార్_చాయ్

అప్పుల గొడవ తర్వాత తేలుద్దాం. ముందు ఆ నేపాల్ సంగతి చెప్పండక్కా. ఏ బండి? ఏ సంవత్సరం?

రాణీగంజ్_మనవరాలు

వ్యాపారం ఆగిపోలేదు, దుకాణం ఇప్పుడు చిన్నాన్నే చూస్తున్నాడు. మాస్టారు గారి ప్రశ్నకు అదీ జవాబు.

చాయ్ తమ్ముడికి: బండి జావా. తాత వాళ్ల నాన్న పోయాక అస్థికలు కాశీలో కలపాలి. అన్నదమ్ములంతా రైలు టికెట్ల గురించి మాట్లాడుకుంటుంటే, తాత "నేను బండి మీద తీసుకుపోతా" అన్నాడట. దుకాణంలో పనిచేసే మెకానిక్ ఒకాయన వెనక కూర్చున్నాడు. అప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి సరిగ్గా మన ఊరి మీదుగా కాశీకే పోయేది కదా. మేడ్చల్, కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కి ఆదిలాబాద్. అక్కడి నుంచి నాగపూర్, జబల్‌పూర్, రీవా.

అస్థికల చెంబును నేల మీద పెట్టకూడదు, ఎవరింట్లోకీ తీసుకుపోకూడదు. ఎర్రగుడ్డ కట్టిన ఆ రాగి చెంబును రోజంతా మెడలో సంచీలో వేసుకుని నడిపేవాడు. రాత్రి ఎక్కడ ఆగినా ముందు మంచి చెట్టు చూసుకుని, కొమ్మకు చెంబు కట్టి, దాని కిందే ఇద్దరూ పడుకునేవాళ్లు. సివనీ దగ్గర అడవిలో మాత్రం రాత్రంతా మంట వేసుకుని వంతులవారీగా మేలుకున్నారట. ఈ సంగతి తాత చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చెట్టు వేపచెట్టే, మార్చలేదు.

కాశీలో పని ముగిశాక మెకానిక్‌ను రైలెక్కించి, తాను రక్సౌల్ మీదుగా కాఠ్మాండూ వెళ్లాడు. మన దేశం కట్టిచ్చిన త్రిభువన్ రాజ్‌పథ్ ఉంది కదా, కొండల మీద మెలికలు తిరిగే రోడ్డు, దాని గురించి ఎవరో కాశీలో చెప్పారట. అంతే. ఇంటికి ఒక టెలిగ్రాం: "క్షేమం. ఆలస్యం." ఆ రెండు మాటలు తప్ప ఇంకేం లేదు.

బండిని హాలీ సిక్కాలు (నిజాం రాజ్యం రూపాయలు) పోసి కొన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ప్రయాణం 1964 శీతాకాలంలో.

ఇరానీ_బిస్కెట్

కిక్కు, గేరు రెండూ ఒకే రాడ్డుతో ఉండే బండి! స్టార్ట్ చేసి అదే రాడ్డును ముందుకు తిప్పితే గేరు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. మా మామయ్యకు ఉండేది. ఆయన సందు మొదట్లోకి రాగానే మా అత్త స్టవ్ మీద చాయ్ పెట్టేది, అంత దూరం వినిపించేది.

పాతబస్తీ_పరిశోధన

కథ బాగుంది. పుస్తకంలోకి వెళ్తోంది కాబట్టి ఒక మాట. 1964కు దగ్గర్లో కొన్న బండికి హాలీ సిక్కాలు ఇచ్చి ఉండలేరు. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిశాక కూడా హాలీ కొన్నేళ్లు చెలామణిలో ఉన్నమాట నిజమే. 1959తో దాని కథ పూర్తిగా ముగిసింది. ఇక జావా విషయానికొస్తే, మైసూరు ఫ్యాక్టరీలో తయారీ 1961లో మొదలైంది. అంతకుముందువి విదేశం నుంచి దిగుమతి అయినవి. కాబట్టి రెంటిలో ఒకటి తప్పయి ఉండాలి. ఆర్‌సీ పుస్తకం ఇంట్లో ఎక్కడైనా ఉందేమో చూడండి.

ఇరానీ_బిస్కెట్

పరిశోధన గారూ, మీరు చెప్పింది కాగితం మీద నిజం. మా నాయనమ్మ మాత్రం నేను బడికి పోయే రోజుల్లో కూడా ధర వినగానే మనసులో హాలీలోకి మార్చుకునేది. పెద్దవాళ్లు "హాలీ" అన్నారంటే చేతిలో ఆ నాణెం ఉందనే కాదు.

పాతబస్తీ_పరిశోధన

అదీ జరుగుతుంది, కాదనను. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ (ఇండియా ప్రభుత్వ) రూపాయలు లెక్క. నూరు కల్దార్ కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) హాలీ ఇవ్వాలి. ఈ లెక్క నోటికి వచ్చిన తరం అది. అంత త్వరగా మర్చిపోరు. కానీ పుస్తకంలో "హాలీ పోసి కొన్నాడు" అని రాస్తే రేపు మనవల మనవలు దాన్నే చరిత్ర అనుకుంటారు.

తార్నాక_టీచర్

మగవాళ్లందరూ బండి చుట్టూ చేరారు. నాకు ఇంకో సంగతి అడగాలని ఉంది. ఆయన చెట్టు కింద పడుకున్న రాత్రుల్లో ఇంట్లో ఎవరున్నారు? 1964 అంటే దుకాణం పెట్టి మూడేళ్లు. పిల్లలు చిన్నవాళ్లు. రెండు మాటల టెలిగ్రాం అందుకున్న మనిషి ఆ పూట ఏం చేసింది? మీరు ఇంత రాశారు, నానమ్మ పేరెత్తలేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు

టీచర్ గారూ, ఆ కాలంలో అందరిళ్లల్లో అంతే కదా. ఇప్పటి కళ్లతో చూసి తాతగారిని తప్పుపడితే ఎలా?

తార్నాక_టీచర్

తప్పు పట్టలేదు తమ్ముడూ. ఇల్లు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకరుంటేనే ఇంకొకరు కొండలెక్కగలరు. ఆ సగం కూడా రాయమంటున్నాను.

మోండా_మార్కెట్

+1. మా అమ్మ గుర్తొచ్చింది.

రాణీగంజ్_మనవరాలు

టీచర్ గారి మాట చదివి నిన్న రాత్రి మేనత్తకు ఫోన్ చేశా. గంటన్నర మాట్లాడింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

టెలిగ్రాం వచ్చినరోజు నానమ్మ ఒక్క మాట మాట్లాడలేదట. మర్నాడు పొద్దున్నే చంటిపిల్లను పక్కింటావిడకు అప్పగించి, పెద్దపిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని రాణీగంజ్ నడిచి వెళ్లింది. అంతకుముందు దసరా ఆయుధపూజకు తప్ప దుకాణం గడప తొక్కలేదు. ఆరోజు గుమాస్తాతో షట్టర్ తీయించి, గల్లాపెట్టె ముందు కూర్చుంది. చుట్టుపక్కల దుకాణాలవాళ్లు వచ్చి చూసిపోయారట. ఒకాయన "అమ్మా, మీవారు వచ్చేదాకా మూసి ఉంచండి, బాగుండదు" అన్నాడు. "మూస్తే కిస్తీ మీరు కడతారా అన్నా?" అని అడిగిందట.

నానమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. రైతు వచ్చి అడిగేది ఏమిటో, గుమాస్తా చూపించేది ఏమిటో విని విని అయిదు హార్స్‌పవర్ ఎవరికి, మూడు ఎవరికి సరిపోతుందో పట్టేసింది. తాత తిరిగొచ్చేసరికి నాలుగు ఇంజన్లు అమ్మి, రెండు పాత బాకీలు వసూలు చేసి పెట్టింది. ఆయన లోపలికి రాగానే చిట్టా పుస్తకం ముందు పెట్టి, "లెక్క చూసుకోండి" అని ఇంటికెళ్లిపోయింది. తర్వాత నెల రోజులు మాట్లాడలేదు.

పాత చిట్టాలు మా అటక మీదే ఉన్నాయి. ఇవాళ దించి చూశా. 1964 చిట్టాలో డిసెంబరు దాకా తాత రాత, చేతులు విసిరినట్టు ఉంటుంది. తర్వాతి పేజీల్లో గుండ్రంగా, బడిపిల్లల అక్షరాలు. "చౌటుప్పల్ రెడ్డిగారు, పైపులు, సగం ఇచ్చిరి, సగం కందులు అమ్మినాక." ఇలా ప్రతి వరసా. అటు తర్వాత ఏ ఏడాది చిట్టా తీసినా ఆ గుండ్రటి అక్షరాలు మధ్యమధ్యలో వస్తూనే ఉన్నాయి. అంటే తాత ఊళ్లు తిరిగిన ప్రతిసారీ ఆవిడే కూర్చుంది. నేను పుట్టకముందే పోయింది నానమ్మ. ఆమె రాత చూడటం నాకిదే మొదలు.

అన్నట్టు ఆర్‌సీ కూడా దొరికింది. బండి 1962ది, తాత సెకండ్ హ్యాండ్‌లో 1964లో కొన్నాడు. హాలీ మాట నిలవదు. కానీ అడుగున ఇంకో చిన్న పుస్తకం ఉంది, తాత కుర్రాడిగా ఉన్నప్పటిది. 1951లో జీతం "35 హాలీ" అని రాసి, పక్కన "30 కల్దార్" అని వేసుకున్నాడు.

పాతబస్తీ_పరిశోధన

35కి 30, లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. ఆ పేజీ పుస్తకంలో ఫొటో వేయండి. రెండు ప్రభుత్వాల డబ్బు మధ్య బతికిన కుర్రాడి జీతం అది.

చార్మినార్_చాయ్

"మూస్తే కిస్తీ మీరు కడతారా అన్నా?" ఇది చదివి ఆఫీసులో గట్టిగా చప్పట్లు కొట్టా.

బోరుబండి_ఓనర్

ఈ దుకాణం ఏదో నాకు అర్థమైంది. పేరు రాయను. మాది బోర్ల వ్యాపారం, 1980ల నుంచి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోర్లు వేసే బండి తెచ్చినప్పటి నుంచి మీ తాతగారి దగ్గరే మోటార్లు తీసుకున్నాం. ఆయన తిరుగుళ్ల గురించి అందరూ చెప్తున్నారు, వ్యాపారం గురించి నేను చెప్తా. నా లెక్కలో అసలు సాహసం అక్కడుంది.

1960ల్లో బావులే ఎక్కువ. ఇంజనుగానీ మోటారుగానీ నీళ్లను పైకి చాలా ఎత్తుకే తోస్తుంది, కింది నుంచి పీల్చేది మాత్రం పాతిక అడుగులు దాటదు. నీళ్లు ఇంకా కిందికి పోతే? బావి గోడలో గూడు తొలిచి, ఇంజన్ను తాళ్లతో అందులోకి దించాలి. పొగ బయటికి పోయేలా పైపు వేయాలి. ఇది దుకాణంలో కూర్చుని చెప్పే పని కాదు. మీ తాతగారు అమ్మిన ప్రతి ఇంజన్ వెంట బావిలోకి దిగేవారు. పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ లీకైతే ఎంత నీళ్లు పోసినా పంపు ఎత్తదు, అది చూడటానికి రాత్రిపూట కూడా వచ్చేవారని మా నాయన చెప్పేవాడు. అప్పులిచ్చేది రైతు మొహం చూసి కాదు, బావిలో ఊట చూసి.

1983లో ఎన్టీఆర్ వచ్చాక వ్యవసాయ కరెంటుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు అని స్లాబు పెట్టారు. ఒక్కసారిగా మోటార్లకు గిరాకీ పెరిగింది. అందరూ ఎంత దొరికితే అంత పెద్ద మోటారు అంటగట్టారు. ఈయన ఒక్కరే "నీ బోరులో రెండించుల నీళ్లు కూడా లేవు, అయిదు హెచ్‌పీ వేస్తే పొడి తోడుతుంది, మోటారు కాలుతుంది" అని వెనక్కి పంపడం నేను కళ్లారా చూశా. వచ్చిన గిరాకీని పోగొట్టుకునే వ్యాపారి ఎవడుంటాడు? ఆ రైతు రెండు దుకాణాలు తిరిగి, కాల్చుకుని, మళ్లీ ఈయన దగ్గరికే వచ్చాడు.

ఇంకోటి. 2000 ఆగస్టు 24. ఆ వానను హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు, ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు. దుకాణంలోకి నడుము లోతు నీళ్లు. కింది వరసలో ఉన్న కొత్త మోటార్లన్నీ మునిగాయి. ఆయనకు అప్పటికి డెబ్బై దగ్గర. నీళ్లు తీశాక స్టేటర్లన్నీ (వైండింగ్ ఉండే భాగాలు) విప్పించి, ఒక్కోదాంట్లో 200 వాట్ల బల్బు పెట్టించి, పైన గోనెసంచి కప్పి రాత్రింబవళ్లు ఆరబెట్టించారు. పొద్దున్నే మెగ్గర్ పెట్టి చూడటం, ముల్లు లేవకపోతే మళ్లీ బల్బు. ఆరినవాటికి వార్నిష్ పోయించారు. అంత చేశాక కూడా కొత్తవని అమ్మలేదు. సగం ధరకిచ్చి, బిల్లు మీద "వరదలో తడిసినది" అని రాసిచ్చారు. అందులో ఒకటి నేనే కొన్నా. తొమ్మిదేళ్లు నడిచింది.

ఇరానీ_బిస్కెట్

ఆ వాన రోజు నేను బేగంపేటలో బస్సు టాప్ మీద ఉన్నా. అది ఇంకో చర్చలో చెప్తా.

కూకట్‌పల్లి_కుర్రాడు

మెగ్గర్ అంటే ఏంటన్నా?

బోరుబండి_ఓనర్

వైండింగ్ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు తమ్ముడూ. పాతవాటికి చేత్తో తిప్పే పిడి ఉండేది. తడి ఉంటే రీడింగ్ సున్నా దగ్గరే ఆగుతుంది. అలాంటి దానికి కరెంటు ఇస్తే క్షణంలో కాలిపోతుంది.

నల్లమల_నడక

చర్చ ఆలస్యంగా చూశా. ఎత్తుగా, తెల్ల లాల్చీ, మెడలో ఎర్ర తువ్వాలు, చేతిలో వెదురుకర్ర. ఈయనేనా? అయితే సలేశ్వరం జాతరలో కలిశాం మేము. చైత్ర పౌర్ణమికి ఏడాదికోసారి నల్లమల లోపలికి వదులుతారు, అందరికీ తెలిసిందే. లోయలోకి దిగేటప్పుడు రాళ్ల మీద కాలు జారితే అంతే సంగతులు. ఎనభై దాటిన మనిషి "వత్తన్నం లింగమయ్యో" అని అరుస్తూ మా కుర్రాళ్ల ముందు దిగిపోయాడు. పైకెక్కేటప్పుడు మాకే ఆయాసం. ఆయన ఆగి, నిమ్మకాయ పిండిన నీళ్లు ఇచ్చి, "ఏం చేస్తుంటవ్ బిడ్డా, పెళ్లయిందా, అమ్మానాన్నలకు ఫోన్ చేసినవా" అని అడిగాడు. అక్కడ సిగ్నల్ లేదని చెప్తే, "మన్ననూరు రాంగనే చెయ్యి" అన్నాడు. మన్ననూరులో గుర్తుపెట్టుకుని మళ్లీ అడిగాడు కూడా.

రాణీగంజ్_మనవరాలు

తాతే. ఎర్ర తువ్వాలు ఇప్పటికీ తలుపు వెనక ఉంది.

ఫోన్ సంగతి చదివి మేనత్త ఏడ్చింది. నేపాల్ తర్వాత నానమ్మ ఒక షరతు పెట్టిందట: ఎక్కడికైనా వెళ్లండి, రోజూ కబురు రావాలి అని. అప్పటినుంచి కార్డు ముక్క, తర్వాత ఎస్టీడీ, తర్వాత సెల్. ఆవిడ పోయాక కూడా మానలేదు. మేనత్తకు చేసేవాడు.

గోదావరి_గట్టు

మాకు ఎదురైన సంగతి చెప్తా. మా నాన్నగారిది బియ్యం వ్యాపారం. పోయాక ఆర్టు పేపరు మీద ఘనంగా పుస్తకం వేశాం. ఎమ్మెల్యే సందేశం, బంధువుల శ్రద్ధాంజలి పద్యాలు, సన్మానాల ఫొటోలు. ఇప్పుడు మా పిల్లలు తాతయ్య ఎలా ఉండేవాడని అడిగితే ఆ పుస్తకంలో చూపించడానికి ఒక్క పేజీ లేదు. ఆయనకు కోపం వస్తే ఏం చేసేవాడు, మిల్లు మూతపడ్డ ఏడాది ఇల్లు ఎలా నడిచింది, ఏదీ లేదు. చెప్పగలిగిన మా పెద్దమ్మ కూడా పోయింది. తీసెయ్యడం తేలికే, మళ్లీ చేర్చడానికే మనుషులుండరు.

లెక్కల_మాస్టారు

చదివాను అన్నీ. చిట్టాలు, మోటార్లు, కాశీ, అన్నీ వేయండి, సంతోషం. జామీను విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. గోదావరి గట్టు గారు చెప్పింది వాళ్ల సొంత ఇంటి సంగతి. ఇక్కడ ఇంకొకరి ఇల్లుంది.

ఇంకో ప్రశ్న. మీ చిన్నాన్నగారికి 1978లో ఎన్నేళ్లు? ఏజెన్సీ పోయి, ప్లాటు అమ్మిన ఇంట్లో ఆయన ఏ వయసులో ఉన్నారు? వద్దంటున్నది పరువు కోసమేనా అని ఒకసారి అడిగి చూడండి.

తార్నాక_టీచర్

మాస్టారు గారి ప్రశ్న చాలా మంచిది. అడిగేటప్పుడు "మీరెందుకు వద్దంటున్నారు" అని కాకుండా, "ఆ ఏడాది ఎలా గడిచింది చిన్నాన్నా" అని అడగండి. వీలైతే ఆ అధ్యాయం ఆయన్నే రాయమనండి.

రాణీగంజ్_మనవరాలు

నాలుగు రోజుల తర్వాత వచ్చా. చాలా జరిగింది.

చిన్నాన్నకు అప్పుడు పన్నెండేళ్లు. అన్నదమ్ముల్లో ఆయన ఒక్కడికే ఇంగ్లీషు మీడియం బడి మాన్పించారు. ఫీజు కట్టలేక. అక్కలిద్దరి చదువు అప్పటికే అయిపోవచ్చింది, మా నాన్న కాలేజీలో ఉన్నాడు. దెబ్బ మొత్తం చిన్నాన్న మీదే పడింది. యాభై ఏళ్లు కావొస్తోంది, ఇంట్లో ఎవరం దీని గురించి ఎత్తలేదు. అందరం "తాత ఎంత మంచివాడో, స్నేహితుడి అప్పు తీర్చాడు" అని మురిసిపోతూ ఆయన ముందే చెప్పుకునేవాళ్లం.

టీచర్ గారు చెప్పినట్టే అడిగా. మొదట "ఏముంది, గడిచింది" అన్నాడు. రెండో రోజు రాత్రి తనే ఫోన్ చేసి, కాగితాల మీద రాశాను, వచ్చి తీసుకుపో అన్నాడు. మూడు పేజీలున్నాయి. ఆయన అనుమతితోనే ఒక ముక్క ఇక్కడ పెడుతున్నా:

"ప్లాటు రిజిస్ట్రేషన్ రోజు నాన్న నన్ను వెంట తీసుకెళ్లాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. సంతకాలయ్యాక బయట బండి దగ్గర మిర్చీ బజ్జీలు కొనిచ్చాడు. 'ఇవాళ్టి నుంచి ఆ జాగ మనది కాదు. ఆ అప్పూ మనది కాదు. నీ బడి నేను బాకీ ఉన్న' అన్నాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం కాలేజీకి ఫీజు కట్టి, ఇంగ్లీషు చెప్పడానికి ఒక మాస్టారిని ఇంటికి పిలిపించాడు. నాతోపాటు ఆయన కూడా చాప మీద కూర్చునేవాడు. ఆ బాకీ తీరిందని నేను నాన్నతో ఎప్పుడూ అనలేదు. అనాల్సింది."

ఈ పేజీలు పుస్తకంలోకి వెళ్తున్నాయి, చిన్నాన్న పేరుతోనే. స్నేహితుడి పేరు, ఊరు, వ్యాపారం ఏదీ రాయడం లేదు, "ఒక మిత్రుడు" అంతే. మాస్టారు గారు చెప్పింది న్యాయం. ఆ మిత్రుడి కొడుకు పదకొండో రోజు మా ఇంటికొచ్చి, తాత ఫొటో ముందు చాలాసేపు కూర్చున్నాడు. చిన్నాన్నే ఆయనకు భోజనం వడ్డించాడు.

లెక్కల_మాస్టారు

ఇక నాకు అభ్యంతరం లేదు. మీ చిన్నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ప్రూఫులు దిద్దే పని ఉంటే నాకు పంపండి, ఉచితంగా చూసిపెడతాను.

చార్మినార్_చాయ్

"నీ బడి నేను బాకీ ఉన్న." ఇంకేం రాయలేను.

కూకట్‌పల్లి_కుర్రాడు

ఇవాళ సాయంత్రం మా తాత దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేద్దామనుకుంటున్నా. ఏం అడగాలో చెప్పండి ఎవరైనా.

తార్నాక_టీచర్

"మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడక్కు, మొహమాటపడి ఊరుకుంటారు. వస్తువు చేతికివ్వు. పాత ఫొటో, తాళంచెవి, రేషన్ కార్డు, ఏదైనా. మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఏ ఊరికి వెళ్లినప్పుడు భయమేసింది, ఇలా చిన్నవి అడుగు. తేదీలు తప్పు చెప్తే మధ్యలో దిద్దకు. తర్వాత సరిచూసుకోవచ్చు.

మనవరాలు గారూ, ఆ చిట్టాల గురించి ఒక మాట. పాత కాగితం పెళుసుగా ఉంటుంది, బైండింగ్ విప్పి జిరాక్సు మెషీన్ మీద నొక్కకండి. పగటి వెలుతురులో, బల్లమీద పరిచి, పైనుంచి ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీస్తే చాలు. ప్లాస్టిక్ కవర్లలో బిగించి పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది, నూలుగుడ్డలో చుట్టండి. మా తార్నాకలోనే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలం కాగితాలు చూసుకునేవాళ్లు అక్కడికే వస్తారు. పాత పత్రాలు ఎలా భద్రపరుస్తారో అక్కడ అడిగితే మంచిది.

పాతబస్తీ_పరిశోధన

1951 జీతం పుస్తకంలో మిగతా పేజీలు కూడా ఫొటో తీసి పెట్టగలరా? ఇంజన్ల ధరలు హాలీలో ఉంటే చూడాలని ఉంది. పేర్లు కనబడకుండా మూసెయ్యండి.

రాణీగంజ్_మనవరాలు

తప్పకుండా. ఈ వారాంతం తీస్తా. కాశీకి వెనక కూర్చుని వెళ్లిన మెకానిక్ గురించి మాత్రం ఇంట్లో ఎవరికీ ఏం తెలియదు. చిట్టాలో "మేస్త్రీ" అనే ఉంది. బోరుబండి అన్నా, మీకేమైనా తెలుసా?

బోరుబండి_ఓనర్

ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు ఉన్నాడు, వైండింగ్ పని, దుకాణం మీ మల్గీకి రెండు సందుల అవతలే. తండ్రి నోట కాశీ ప్రయాణం విని పెరిగినవాడు. నేను ఇందాక ఫోన్ చేశా, నీ గురించి చెప్తే "ఆ చెంబు సంచీ మా నాయనే కుట్టిండు" అన్నాడు. మామూలు రోజుల్లో తలెత్తడానికి తీరిక ఉండదు, ఆదివారం పదకొండింటికి రమ్మన్నాడు. చిన్నాన్నను కూడా తీసుకురా అమ్మా. మేస్త్రీ కొడుక్కు కుడిచెవి వినపడదు, ఎడమవైపు కూర్చుని అడుగు.